గేదెలకు మాత్రమే

నల్లచెలమ ఊళ్ళో సామ్రాజ్యమ్మ మనవరాలు మూడో నెలలో నీలంగా మారింది.

ముందు గోళ్ళు, తర్వాత పెదాలు, సాయంత్రానికి చెవి తమ్మెలు. కోడలు శిరోమణికి పాలు చాలక పిల్లకి డబ్బాపాలు పడుతున్నారు. నీళ్ళు ఊరి బోరువే. అయినా సామ్రాజ్యమ్మ వాటిని ఊరికే కలిపే మనిషి కాదు. మూడు పొంగులు వచ్చేదాకా కాచి, చల్లార్చి, ఉతికిన పంచె గుడ్డలో వడగట్టి మరీ కలిపేది. ఇంత చేసినా పిల్ల రంగు మారేసరికి ఆటోలో వేసుకుని టౌను ఆస్పత్రికి పరిగెత్తారు. అక్కడి డాక్టరమ్మ పిల్ల గోళ్ళు చూసి, నీళ్ళెక్కడివని అడిగి, ఒక నీలం రంగు ఇంజెక్షను చేసింది. నీలంగా ఉన్న పిల్లకి నీలం మందేమిటని సామ్రాజ్యమ్మకి గుండె జారిపోయింది గానీ, గంట తిరిగేసరికి పిల్ల ఎర్రబడి గుక్కపెట్టి ఏడ్చింది.

"పిల్లకి జబ్బేమీ లేదమ్మా. జబ్బు మీ బోరుకుంది. ఆ నీళ్ళు మారేదాకా పిల్లని ఆ ఊరు తీసుకెళ్ళొద్దు," అంది డాక్టరమ్మ.

శిరోమణి పిల్లతో అటునుంచి అటే టౌనులో పుట్టింటికి వెళ్ళిపోయింది. సామ్రాజ్యమ్మ ఒక్కతే ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఐదు లీటర్ల క్యాను నిండా బోరు నీళ్ళు పట్టుకుని, బస్సెక్కి జల మూల నిర్ధారణ కేంద్రానికి పోయింది.

ఆ వేళకి అక్కడ సీట్లో ఉన్న మనిషి ఒక్కడే. షేక్ మస్తాన్‌వలి, సహాయ శాస్త్రవేత్త. ఎమ్మెస్సీలో ఐసోటోపుల మీద బంగారు పతకం తెచ్చుకుని ఉద్యోగంలో చేరినవాడు. చేరాక పదకొండేళ్ళుగా బావుల్లోకి టేపు వదిలి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో రాసుకోవడం తప్ప ఐసోటోపు అన్న మాట నోటితో పలికే అవసరం అతనికి రాలేదు. పెద్దావిడ వచ్చి బల్ల మీద క్యాను పెట్టగానే కుర్చీ చూపించి, అరగంటలో నీళ్ళు పరీక్ష చేశాడు.

"నైట్రేటు నూట ఎనభై ఆరు ఉందమ్మా. నలభై ఐదు దాటకూడదు."

"నేను కాచే పోశాను గదా బాబూ?"

"కాచితే నీళ్ళు ఆవిరవుతాయి గానీ నైట్రేటు పోదమ్మా. ఇంకా చిక్కబడుతుంది."

"అయితే నా చేతుల్తో నేనే చిక్కగా చేసి పోశానన్నమాట," అని సామ్రాజ్యమ్మ పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. వలి ఆ మధ్యాహ్నమే ఆమెతో పాటు బస్సెక్కి నల్లచెలమ వెళ్ళాడు.

ఊరు చిన్నది. నూట పది గడప, నలభై రెండు గేదెలు. బోరు సరిగ్గా ఊరి నడుమ ఉంది. దాని చుట్టూ గేదెల చావిళ్ళు, పేడగుంటలు, వాటి వెనక మరుగుదొడ్ల గుంటలు. అడుగున సిమెంటు లేని గుంటలు. ఊరికి ఎగువన కొండ మొదట్లో, ఎప్పుడో మొక్కల నర్సరీ కోసం వేసి వదిలేసిన బోరు ఒకటుంది. వలి ఆ నీళ్ళూ పరీక్ష చేశాడు. నైట్రేటు ఎనిమిది. అక్కడినుంచి ఊళ్ళోకి కిలోమీటరున్నర.

"పైపు వేస్తే సరిపోతుందమ్మా," అన్నాడు.

"వేయించు మరి."

వలి రెండు పేజీల నివేదిక రాసి పైకి పంపాడు. మూడో రోజుకే అది వెనక్కి వచ్చింది. ఆ ఆఫీసు చరిత్రలో ఏ కాగితమూ అంత తొందరగా కదల్లేదు. దానికి గుచ్చిన సర్క్యులర్లో ఇలా ఉంది: "కాలుష్య మూలము శాస్త్రీయముగా నిర్ధారణ కానిదే ఎట్టి నివారణ చర్యలునూ చేపట్టరాదు. మూలము తెలియని కాలుష్యమును నివారించుట, సదరు మూలమును అవమానించుటయే గాక, బాధ్యులైన శాఖను గుర్తించు అవకాశమును శాశ్వతముగా కోల్పోవుట యగును."

సంచాలకులు పరాంకుశం గారు అప్పుడే ఎక్కడో పది రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చేటప్పుడు ఐసోటోపులతో వచ్చారు. డ్రైవరు దగ్గర్నుంచి ఎవరు కనబడినా నత్రజనిలో రెండు రకాలున్నాయని చెప్తున్నారు.

"వలీ, నీళ్ళదేముంది, ఎవరైనా ఇస్తారు. మూలం చెప్పగలిగేది మనం ఒక్కళ్ళమే," అన్నారాయన. "నల్లచెలమ మన తొలి ఐసోటోపు గ్రామం. నువ్వే శాస్త్రీయ సమన్వయకర్తవి."

ఈ మాటకి వలికి కోపం రావాలి. రాలేదు. బంగారు పతకం బీరువాలో ఉన్న సంగతి గుర్తొచ్చి, లోపల ఎక్కడో సంతోషం వేసింది. రెండు నెలల్లో ఫలితం వస్తుంది, పైపు తర్వాతైనా పడుతుంది అనుకున్నాడు. ఆ వారమే నల్లచెలమ వెళ్ళి నమూనాలు తీసి, ఐసుపెట్టెలో పెట్టి దూరాన ఉన్న లేబొరేటరీకి పంపాడు.

"అదేందో నాకూ చెప్పు," అంది సామ్రాజ్యమ్మ.

"నత్రజనిలో తేలికది, బరువుది అని రెండు రకాలమ్మా. యూరియాలోది ఎక్కువగా తేలికది. పేడ, మూత్రం గుంటలో మురిగేటప్పుడు తేలికది గాలిలో కలిసిపోతుంది. చావిట్లో ముక్కుకి ఘాటుగా కొడుతుందే, అదే. బరువుది మిగిలి నేలలోకి దిగుతుంది. నీళ్ళలో ఏది ఎంతుందో తూస్తే ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుస్తుంది."

"పేడగుంటలు బోరు పక్కనే ఉన్నాయి గదా. తూయకపోతే తెలియదా?"

"తెలుస్తుంది. కానీ నిరూపణ కాదు."

సామ్రాజ్యమ్మ అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, చదువుకున్న పిల్లవాడే గదా అని ఊరుకుంది.

ఫలితం రెండు నెలలకి వచ్చింది. అంకె పద్నాలుగు. బరువు నత్రజని. పరాంకుశం గారు అన్ని శాఖలతో సమావేశం వేశారు. వలి లేచి, ఇది యూరియా కాదని చెప్పగానే వ్యవసాయ అధికారి త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అధ్యక్షా! ఎన్నో ఏళ్ళుగా మౌనంగా నిందలు భరించిన యూరియాకి ఈ దినము న్యాయము జరిగినది."

ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. కిందికి కబురు పంపి మైసూర్‌పాక్ తెప్పించారు. వారం తిరిగేసరికి జిల్లా అంతటా 'యూరియా నిర్దోషి' అని బ్యానర్లు వెలిశాయి. అది చూసి రైతులు ఎకరానికి ఇంకో బస్తా ఎక్కువ వేశారు.

మైసూర్‌పాక్ చేతిలో పట్టుకుని కూర్చున్న పశువైద్యాధికారి డాక్టర్ దైవసహాయం గారు మాత్రం దాన్ని తినలేదు.

"యూరియా కాకపోతే గేదె అనుట శాస్త్రీయమేనా? పద్నాలుగు అనే అంకె మీద గేదె అని ఏమైనా రాసి ఉన్నదా? వలి గారూ, మనిషి వ్యర్థానికి ఎంత వచ్చును?"

"దాదాపు అంతేనండీ. పేడకీ, మరుగుదొడ్డి గుంటకీ ఈ అంకెలో తేడా పట్టుకోవడం కష్టం."

అందరూ పారిశుద్ధ్య అధికారిణి హైమవతి గారి వైపు తిరిగారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఫైలు తెరిచారు.

"నల్లచెలమ మా రికార్డుల ప్రకారం నూటికి నూరు శాతం పరిశుభ్ర గ్రామం. పరిశుభ్ర గ్రామంలో మానవులు ఉందురు గానీ మానవ వ్యర్థములు ఉండవు. దీనికి ప్రశంసాపత్రం కూడా ఉంది."

"ఏదైనా వేసే పైపు ఒకటేనండీ," అన్నాడు వలి. "కొండ దగ్గరి బోరు నుంచి..."

"వలీ," అన్నారు పరాంకుశం గారు బాధగా, "ఇది నీళ్ళ సమావేశం కాదు. మూలం సమావేశం."

గేదెదా మనిషిదా తేలాలంటే ఊళ్ళో ప్రతి గేదె పేడా విడివిడిగా తీసి, బోరు నీళ్ళతో పోల్చి చూడాలని తీర్మానం అయింది. వలి ఫారాలు పట్టుకుని మళ్ళీ నల్లచెలమ వెళ్ళాడు. ఒక్కో గేదెకీ ఒక్కో పంచనామా. "సదరు గేదె ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి స్పృహలో, స్వచ్ఛందముగా వేసిన పేడ" అని ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. గేదెలు వేసేదాకా సాక్షులు అక్కడే నిలబడాలి. కోతల రోజులు కావడంతో సాక్షులు దొరక్క, కొన్ని గేదెల విషయంలో వలి రెండేసి రోజులు ఎదురుచూశాడు. నలభై రెండు గేదెలకి పంతొమ్మిది రోజులు పట్టింది.

ఆ తర్వాత ఇంటింటి నుంచీ మానవ నమూనా తేవాలన్నారు. హైమవతి గారు వెంటనే అభ్యంతరం రాశారు: నమూనా ఇచ్చిన మరుక్షణం ఆ ఊరు పరిశుభ్ర గ్రామం హోదా కోల్పోవును. అయినా అడిగి చూడమని వలిని పంపారు. అతను సామ్రాజ్యమ్మ వాకిట్లో నిలబడి, నేల చూపులు చూస్తూ, ఎలాగో విషయం చెప్పాడు.

ఆమె చేట కింద పెట్టింది.

"ఏందయ్యా, నా పిల్లని నన్ను చూసుకోనివ్వరు గానీ, మీరు దీన్ని చూస్తారా?"

వలి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆఫీసులో మాత్రం 'గ్రామస్థులు చర్చలకు సుముఖముగా ఉన్నారు' అని రాశాడు.

ఈ చిక్కు నుంచి దారి దైవసహాయం గారే కనిపెట్టారు. మనిషి తాగి గేదె తాగనిది ఏదో ఒకటి ఉండాలి గదా. దాన్ని నీళ్ళలో వెతికితే చాలు. ఏమిటది? టీ. టీలో ఉండే కెఫీను బోరు నీళ్ళలో కనబడితే నేరం మనిషిదే. ఇది నిజానికి మంచి శాస్త్రమే. వలి నమూనా పంపాడు. నెలన్నరకి జవాబు వచ్చింది. నీళ్ళలో కెఫీను ఉంది. ఈసారి మైసూర్‌పాక్ దైవసహాయం గారు తెప్పించారు.

హైమవతి గారు ఆ మైసూర్‌పాక్ వైపు చూడను కూడా లేదు.

"గేదె టీ తాగదని ఎవరు ధ్రువీకరించారు?"

ఎవరూ ధ్రువీకరించలేదు. కమిటీ అంతా నాలుగు జీపుల్లో నల్లచెలమకి కదిలింది. సామ్రాజ్యమ్మ చావిడి ముందు దిగి, కుడితి తొట్టి చుట్టూ నిలబడ్డారు. పరాంకుశం గారు స్వయంగా వంగి చూశారు.

"అమ్మా, మీ గేదెలు టీ తాగునా?"

"గేదెలు టీ ఎందుకు తాగుతాయయ్యా? బియ్యం కడుగు, తవుడు, గంజి, టీ పిప్పి, గిన్నెలు తొలిచిన నీళ్ళు, అన్నీ ఇందులో పోస్తాం. తాగుతాయి."

"టీ పిప్పి!" అన్నారు హైమవతి గారు.

"దినమునకు ఎంత పిప్పి?" అన్నారు దైవసహాయం గారు, గొంతు తగ్గించి.

"మామూలు రోజుల్లో చిటికెడు. మీరొచ్చిన రోజుల్లో దోసెడు. జీపుకి ఐదుగురు దిగుతారు, మనిషికి రెండుసార్లు టీ పెడతాం గదా."

గుమస్తా దాన్ని మాట పొల్లుపోకుండా రాసుకున్నాడు. కమిటీ చావిట్లోనే కూర్చుని ఆ విషయం మీద గంటన్నర చర్చించింది. చర్చలో రెండుసార్లు టీ తాగింది. ఆ పిప్పి కుడితిలో పడింది. చివరికి, బోరులోని కెఫీను మానవులదో, కుడితి ద్వారా గేదెలదో, లేక తనిఖీ నిమిత్తం వచ్చిన అధికారులదో తేలనందున మరింత లోతైన అధ్యయనం అవసరమని తీర్మానించారు.

జీపులు వెళ్ళాక సామ్రాజ్యమ్మ వలిని ఆపింది. "బాబూ, పిల్లకి పై పన్ను వచ్చిందంట. ఫోన్లో చూపించింది మా కోడలు. నన్ను చూసి ఎవరో అనుకుని పిల్ల మొహం తిప్పుకుంది."

వలి పై పన్ను ఎన్నో నెలలో వస్తుందో లెక్కపెట్టుకుని, పైపు నివేదిక రాసి అప్పుడే ఇంతకాలమైందా అనుకున్నాడు.

ఆ తర్వాతి వారం ఊళ్ళో ఆడవాళ్ళు పదిమంది సామ్రాజ్యమ్మ ఇంట్లో కూడారు. కమిటీని నమ్ముకుంటే లాభం లేదని, మగవాళ్ళ మెడలు వంచి పని మొదలుపెట్టించారు. పేడగుంటలన్నీ ఎత్తించి ఊరికి దిగువన వేయించారు. గేదెల్ని అటే కట్టించారు. మరుగుదొడ్ల గుంటల అడుగున సిమెంటు చేయించారు. ఆ ఏడు వానలు కూడా గట్టిగానే పడ్డాయి. దసరా వెళ్ళాక వలి వచ్చి బోరు నీళ్ళు పరీక్ష చేస్తే నూట డెబ్బై ఒకటి వచ్చింది. ఇంకా తాగదగ్గ నీళ్ళు కావు. నేలలోకి ముప్ఫై ఏళ్ళు దిగింది నాలుగు నెలల్లో పోదు. అయినా తగ్గింది గదా అని అతనికి ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహంలో అంకె ఆఫీసుకి రాసేశాడు.

పరాంకుశం గారు పిలిపించారు. ఆయన మొహంలో రక్తం లేదు.

"నూట డెబ్బై ఒకటా? మిగిలిన పదిహేనూ ఏమైనట్లు?"

"తగ్గాయండీ. ఊరివాళ్ళు గుంటలు మార్చారు."

"సాక్ష్యాధారములను చెరిపివేస్తున్నారని చెప్పండి! అధ్యయనం నడుస్తుండగా కాలుష్యమును తగ్గించుట ఎంత తీవ్రమైన విషయమో వారికి తెలియునా? మూలమే మాయమైతే మనం దేన్ని నిర్ధారించాలి? నలభై రెండు పంచనామాలు ఏం కావాలి?"

ఆ సాయంత్రమే ఉత్తర్వు తయారైంది. "నల్లచెలమ గ్రామ బోరునందు నైట్రేటు పరిమాణమును అధ్యయనము ముగియువరకు లీటరుకు నూట ఎనభై ఆరు మిల్లీగ్రాముల వద్ద యథాతథముగా పరిరక్షించవలెను. గ్రామస్థులు తమ గేదెలను పూర్వపు స్థానములందే కట్టవలెను. సదరు పరిమాణము తగ్గినచో శ్రీ షేక్ మస్తాన్‌వలి వ్యక్తిగతముగా బాధ్యులు."

వలి ఆ కాగితం పట్టుకుని నల్లచెలమ వెళ్ళాడు. బస్సు దిగి సామ్రాజ్యమ్మ అరుగు మీద కూర్చుని దాన్ని ఆమె చేతికిచ్చాడు. ఆమెకి చదువు రాదు. తిరిగి అతనికే ఇచ్చి చదవమంది. అతను మొత్తం చదివాడు, ఒక్క ముక్క వదలకుండా.

సామ్రాజ్యమ్మ అరిచి గోల చేస్తుందనుకున్నాడు. ఆమె చాలా మెల్లగా మాట్లాడింది.

"నువ్వు మొదటి రోజే చెప్పావు, పైపు వేస్తే సరిపోతుందని. గుర్తుందా?"

"ఉందమ్మా."

"మరి ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నువ్వు తిరిగిందంతా దేనికి?"

వలి చివరికి నిజం చెప్పాడు. "నాకూ సరదా వేసిందమ్మా. చదువుకున్న చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చిందనిపించింది. మొదట్లోనే అడ్డం తిరిగుంటే ఏమయ్యేదో. తిరగలేదు."

"సరేలే," అంది సామ్రాజ్యమ్మ. "ఆ చదువుతోనే ఏదన్నా చెయ్యి. వాళ్ళకి నా భాష రాదు, నాకు వాళ్ళ భాష రాదు. నీకు రెండూ వచ్చు."

తిరుగు బస్సులో వలి ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాడు. తను రాసిన పైపు నివేదిక ఎందుకు చచ్చిపోయిందో అప్పుడు తెలిసింది. అందులో మనుషులకి నీళ్ళు కావాలని రాశాడు. ఆ ఫైలుకి మనుషులతో ఎప్పుడూ సంబంధం లేదు. మర్నాడు ఆఫీసులో కూర్చుని కొత్త ప్రతిపాదన రాశాడు.

"విషయము: అధ్యయన పశువుల ఐసోటోపు స్వచ్ఛత. నల్లచెలమ గేదెలు ప్రస్తుతము కలుషితమైన బోరు నీటినే త్రాగుచున్నవి. తత్ఫలితముగా బోరులోని నైట్రేటు గేదెలోనికి, గేదెలోనిది పేడలోనికి, పేడలోనిది తిరిగి బోరులోనికి చేరుచున్నందున, ఏది ఎవరిదో నిర్ధారించుట అసాధ్యము. కావున సదరు గేదెలకు నిరంతరాయముగా నైట్రేటు రహిత నీటిని సరఫరా చేయుట శాస్త్రీయముగా అనివార్యము. కొండ మొదటి బోరు నుండి గ్రామము నడుమకు పైపు వేయవలెను."

పరాంకుశం గారు దాన్ని రెండుసార్లు చదివారు. మూడోసారి నిలబడి చదివారు.

"వలీ! పదకొండేళ్ళుగా ఈ మేధస్సును ఎక్కడ దాచావయ్యా?"

అత్యవసర సమావేశం వేశారు. దైవసహాయం గారు గేదెల సంక్షేమం తమ శాఖ ప్రథమ కర్తవ్యమన్నారు. హైమవతి గారికి మనుషుల ప్రస్తావన లేకపోవడం నచ్చింది. త్రివిక్రమరావు గారు యూరియా పేరు ఎక్కడా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టారు. నాలుగు సంతకాలు పడడానికి పావుగంట పట్టింది. మనుషుల కోసం పది నెలలుగా కదలని పైపు, గేదెల కోసం తొమ్మిది రోజుల్లో కొండ దిగి ఊళ్ళోకి వచ్చింది. ఎనిమిది కుళాయిలు, గచ్చు చేసిన పెద్ద తొట్టి, పైన రేకుల నీడ. నీడ కింద బోర్డు: "అధ్యయన గేదెలకు మాత్రమే. మానవులు త్రాగరాదు."

ప్రారంభోత్సవానికి పరాంకుశం గారు రిబ్బను కత్తిరించారు. నలభై రెండు గేదెలకీ కొమ్ములకి రంగులు వేసి, మెడలో బంతిపూల దండలు వేసి తోలుకొచ్చారు. గేదెలు తొట్టిలోకి మూతి పెట్టి వాసన చూశాయి. ఆ నీళ్ళలో తవుడు లేదు, గంజి లేదు, టీ పిప్పి అసలే లేదు. ఒక్కటి కూడా తాగలేదు. పక్కదాని మెడలోని బంతిపూలు మాత్రం తిన్నాయి.

"అవి సిగ్గుపడుతున్నాయండీ," అన్నాడు వలి. "జనం ఎక్కువయ్యారు గదా."

పరాంకుశం గారికి ఆ మాట సమంజసంగానే తోచింది. జీపులు ఊరు దాటగానే ఆడవాళ్ళు బిందెలతో కుళాయిల మీద పడ్డారు. ఆ రాత్రి నల్లచెలమలో ప్రతి ఇంట్లో అన్నం ఆ నీళ్ళతోనే ఉడికింది. నాలుగో రోజున శిరోమణి పిల్లని తీసుకుని బస్సు దిగింది. పిల్ల సామ్రాజ్యమ్మని చూసి రెండు రోజులు మొహం తిప్పుకుంది. మూడో రోజు ఆమె ముక్కుపుడక పట్టుకుని లాగింది. ఆ తర్వాత ఇక వదల్లేదు.

నెల తిరగ్గానే పరాంకుశం గారు వలిని వెంటబెట్టుకుని, ఊళ్ళో చెప్పకుండా తనిఖీకి వచ్చారు. ఎనిమిది కుళాయిల దగ్గరా ఎనిమిది బిందెలున్నాయి. వలి ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు.

"ఏమిటిది? ఇక్కడ మానవులున్నారే!"

సామ్రాజ్యమ్మ పిల్లని చంకలో సర్దుకుని ముందుకొచ్చింది.

"గేదెలకి పెట్టే ముందు మంచివో కాదో మేం తాగి చూస్తున్నాం బాబూ. ఖరీదైన గేదెలు. వాటికేమన్నా అయితే మీకు మాట వస్తుంది."

పరాంకుశం గారు బోర్డు చూశారు, బిందెలు చూశారు, కుళాయి కింద రెండు చేతులూ పెట్టి ఆడుతున్న పిల్లని చూశారు. చాలాసేపు ఆలోచించారు.

"ఎంతమంది తాగి చూస్తున్నారు?"

"ఊరంతా."

"అద్భుతం," అన్నారు పరాంకుశం గారు. "వలీ, రాసుకో. మానవులు కూడా అదే నీటిని త్రాగుచున్నందున అధ్యయనమునకు నమూనాల సంఖ్య పదింతలు పెరిగినది. ఇట్టి మానవులను ఇకపై అధ్యయన పశువులుగా పరిగణించి, రిజిస్టరునందు నమోదు చేసి, నిరంతరాయముగా నీరు అందించవలెను. అధ్యయన కాలపరిమితి పాతిక సంవత్సరములకు పొడిగించడమైనది."

ఆయన జీపెక్కి వెళ్ళిపోయాక వలి అరుగు మీద రిజిస్టరు తెరిచాడు. ఊరంతా వరసలో నిలబడింది. గళ్ళు మాత్రం పశువుల రిజిస్టరువే. పేరు, వయసు, రంగు, రోజుకి ఎన్ని లీటర్ల పాలు, కొమ్ములు. ముందు పిల్లని రాశాడు. వయసు పద్నాలుగు నెలలు. పాలు ఇవ్వదు, తాగును. కొమ్ములు లేవు. తర్వాత శిరోమణి. కొమ్ములు లేవు. తర్వాత సామ్రాజ్యమ్మ వంతు వచ్చింది. ఏం రాస్తున్నాడో గడి గడికీ చదివించుకుంటూ కూర్చుంది. చివరి గడి దగ్గరికి రాగానే అతని చెయ్యి పట్టుకుంది.

"నాకు మాత్రం రెండని రాయి బాబూ. మీ ఆఫీసువాళ్ళకి తెలిసుండాలి."

వలి రెండని రాశాడు. తర్వాతి సమావేశంలో కమిటీ ఆ రిజిస్టరుని ఏకగ్రీవంగా ఆమోదించింది.